ఒత్తులు మిగిలిపోయిన చదువు

మా పెద్దమ్మ గుర్వమ్మకు తన పేరు రాయడం వచ్చేది కానీ చదవడం వచ్చేది కాదు. తమాషాకు చెబుతున్నాననుకోవద్దు. ఏడాదికి దగ్గర దగ్గరగా ఆమె సంగతి అట్లాగే నడిచింది. ఆ ఏడాదే ఆమె బతుకులో అన్నిటికంటే అశాంతి ఏడాది అని ఆమె భర్త ఐలేశం పెద్దబాపు అనేవాడు. అది మొదటి ఏడాది మాత్రమేనని ఆమె దిద్దేది.

ఆమె అత్తగారి ఊరు తుమ్మలకుంట. నాగర్‌కర్నూల్ నుంచి బండిబాట మీద ఒక పూట నడక. కురుమవాళ్ల ఇళ్లు ఊరికి పడమటి అంచున, గొర్రెల దొడ్లను ఆనుకుని ఉండేవి. ఐలేశం నిదానస్తుడు, మందే అతని లోకం. ఇంట్లో అతని తల్లి గోపమ్మ, ఐదేళ్ల కూతురు సైదమ్మ. పొద్దున మగవాళ్లు మందలు తోలుకుపోతే, పగటి బువ్వలయ్యాక ఆడవాళ్లంతా ఒక అరుగు మీద చేరి ఉన్ని వడికేవాళ్లు. గుర్వమ్మకు అప్పటికి ఇరవై అయిదు దాటి ఉంటాయి. నవ్వితే వాడకంతా వినపడేదని, పక్కమీద వాలితే చాలు నిద్రపోయేదని మా అమ్మ చెప్పేది.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో దసరా వెళ్లాక బ్లాకు ఆఫీసు నుంచి యాదలక్ష్మి అనే గ్రామసేవిక ఆ ఊరికి వచ్చింది. భువనగిరి పిల్ల, గుర్వమ్మ కంటే కొంచెం చిన్నది. ఆడవాళ్లకు అక్షరాలు నేర్పాలని ఆమెకు హుకుం. చావడిలో చాప పరిచి, పలకలు పంచి, మధ్యాహ్నం పూట బడి పెట్టింది. కదుర్లు కూడా తెచ్చుకోవచ్చు, వడుకుతూనే వినండి అని చెప్పడంతో ఆడవాళ్లు కాదనలేకపోయారు. చదువొస్తే వేలిముద్ర వేసే ఖర్మ ఉండదు, ఎవరూ మోసం చేయలేరు, మందుసీసా మీద ఏముందో తెలుస్తుంది, సుఖపడతారు అని ఆమె మొదటిరోజు చెప్పింది.

గోపమ్మ కదురు తిప్పడం ఆపకుండానే అడిగింది. “సుఖపడుతమంటున్నవు గాని బిడ్డా, మాకిప్పుడు దుఃఖమేమున్నది?”

యాదలక్ష్మి సంచిలోంచి బలపాలు తీసింది. పలకలు పంచింది.

ముందుగా ఎవరి పేరు వాళ్లతో రాయించింది. సంతకం వస్తే పై అధికారులు సంతోషిస్తారు కదా. గుర్వమ్మ తన పేరును ముగ్గు వేసినట్టు నేర్చుకుంది. ఇక్కడ ఒక సున్న, ఇక్కడ ఒక కొమ్ము, కింద రెండు వంకర గీతలు. ఏ గీత ఏ చప్పుడో తెలియదు. ఆ తర్వాత అ ఆలు మొదలయ్యాయి. మిగతావాళ్లు పొద్దుపోక వచ్చేవాళ్లు, ఆమె మాత్రం రెండో వారానికే అక్షరాల పిచ్చిలో పడింది. బొగ్గుతో దొడ్డిగోడ మీద రాసేది. రొట్టె కొట్టేటప్పుడు పీట మీది జొన్నపిండిలో వేలితో రాసి, దాని మీదనే ముద్ద పెట్టి కొట్టేది. గుణింతాలు మొదలైతే ఆమెకు కుదురుగా కూర్చోవడం కూడా రాకుండా పోయింది. క, కా, కి, కీ అనుకుంటూ బావి దగ్గరికి పోయి, బిందె ముంచకుండానే ఇంటికి వచ్చిన రోజులున్నాయి.

మాఘమాసం వచ్చింది. గుట్టల మీద గడ్డి అయిపోతే మందలు కృష్ణ ఒడ్డుకు పోవాలి, వానలు పడ్డాకనే తిరిగి రావాలి. ఎప్పుడూ ఐలేశంతో అతని తమ్ముడు పోయేవాడు. ఆ ఏడు తమ్ముడికి జ్వరాలు పట్టుకుని లేవలేదు. వండిపెట్టడానికి, పిల్లలను ఈనే గొర్రెలను చూసుకోవడానికి గుర్వమ్మ పోక తప్పలేదు. సైదమ్మను అత్త దగ్గర వదిలింది.

పోయే ముందు చావడికి పోయి చెప్పింది. గుణింతాలు అయ్యాయి కదా, ఇంకేం మిగిలిందని అడిగింది.

“ఒత్తులు మిగిలినయి,” అన్నది యాదలక్ష్మి. “ఒక అక్షరం కింద ఇంకో అక్షరం వేలాడుతది. గవి వస్తే అంత వచ్చినట్టే. వచ్చినంక చెప్త తీ.”

అట్లా ఆమె ఒత్తులు లేని చదువుతో బయలుదేరింది.

తోవ పొడుగునా ఆమెకు కనపడిన ప్రతి రాత ఒక పోరాటమే అయింది. మేక అని రాసి ఉంటే చదివేది. గొర్రె అని ఉంటే ఆగిపోయేది. బాపు చదవొచ్చింది, అమ్మ చదవరాలేదు. ఏరు వచ్చింది, నీళ్లు రాలేదు. బస్సు నెత్తిమీద ఆలంపూర్ అని ఉంటే గడగడా చదివి, పక్కనున్న ఐలేశంకు వినిపించింది. దాని వెనకనే వచ్చిన బస్సు మీద కొల్లాపూర్ అని ఉంటే, నడిమి అక్షరం కింద వేలాడే ముడి చూసి నోరు పెగల్లేదు. కొన్నిటిని ఊహించేది. తలకట్టు తీసేసిన అక్షరమే కింద కనపడితే పోల్చుకునేది. కానీ త, న, మ, య, ర, ల లాంటివి కిందికి దిగేసరికి వేషం మార్చుకుంటాయి. అవేమిటో చెప్పేవాళ్లు లేరు. తాను ఊహించింది తప్పో ఒప్పో చెప్పేవాళ్లు అసలే లేరు. దుకాణంలో ఉప్పు కట్టిచ్చిన కాగితం ముక్కను విప్పి, ఉప్పు చెంగులో పోసుకుని, కాగితాన్ని దాచుకునేది. మధ్యాహ్నం గొర్రెలు నీడకు చేరినప్పుడు దాన్ని తీసి, తెలిసిన అక్షరాల మీద కాలు పెట్టి, తెలియని వాటి దగ్గర జారి పడుతూ సాయంత్రం దాకా గడిపేది.

“అక్షరాలు రాకముందు నీకీ తిప్పలు లేకుండె గద,” అన్నాడొకసారి ఐలేశం. కోపంతో కాదు, అర్థంకాక.

కొల్లాపూర్ దాపున ఒక రైతు చేనులో మంద పెట్టారు. గొర్రెలు పడుకున్న చేను మరుసటి ఏడు బాగా పండుతుందని రైతులు పిలిచి మరీ మంద పెట్టించుకుని జొన్నలు కొలిచేవాళ్లు. సంత రోజు ఉప్పూ మిరపకాయలూ తేవడానికి గుర్వమ్మ కొల్లాపూర్ పోయింది. పొద్దెక్కకముందే తిరిగి రావాలి. తొలిచూలు గొర్రె ఒకటి ఈనడానికి సిద్ధంగా ఉంది. దాన్ని చూసుకోవడం ఆమె వంతు. ఐలేశం మందను గుట్ట అవతలికి తోలుకుపోయాడు.

సంత నుంచి వస్తుంటే బడి కనపడింది. లోపల పిల్లలు ఒకే గొంతుతో ఏదో చదువుతున్నారు. ఆమె కాళ్లు ఆగిపోయాయి. వరండా మెట్ల దగ్గర నిలబడింది. పంతులు బయటికి వచ్చి ఎవరి కోసమని అడిగాడు. ఒత్తులు తెలియాలని చెప్పింది. ఏ పిల్లవాడికని అడిగాడు.

“నాకే, సారు.”

ఆయన చెడ్డవాడేం కాదు. నవ్వాడు, అంతే. ఇప్పుడు నేర్చుకుని ఏ నౌకరీ చేస్తావని అడిగాడు. గుర్వమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. గొర్రెలు కాసుకునేదానికి ఈ యావ ఎందుకు, ఇంట్లో పిల్లలుంటే వాళ్లను బడికి పంపు అని మంచిమాట చెప్పి ఆయన లోపలికి పోయాడు. పిల్లల చదువు మళ్లీ మొదలైంది. ఆమె కదలలేదు. కిటికీలోంచి నల్లబల్ల కనపడుతోంది. దాని మీద ఒత్తులున్న మాటలే ఉన్నాయి. పిల్లలు ఒక్కో మాట చదువుతుంటే ఏది ఏదో పట్టుకోవాలని చూసింది. వాళ్లు ఒకచోట చదువుతుంటే ఆమె కళ్లు ఇంకోచోట ఉండేవి. అట్లా చూస్తూ చూస్తూ పొద్దు నడినెత్తికి వచ్చింది, వాలింది. బడి గంట కొట్టాక గానీ గొర్రె గుర్తుకు రాలేదు.

పరుగెత్తింది. అప్పటికే ఐలేశం వచ్చి ఉన్నాడు. పిల్ల కాళ్లు అడ్డం తిరిగి, ఎవరి సాయమూ లేక, తల్లీ పిల్లా రెండూ పోయాయి. అతను గొయ్యి తవ్వుతున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండునని ఆమె తర్వాత చాలాసార్లు అన్నది. మట్టి కప్పి, చేతులు దులుపుకుని, ఆమె మొహం చూడకుండా మాట్లాడాడు.

“నువ్వు సంతోషంగ ఉండెటిదానివి గుర్వమ్మా. నాకు గది యాదికున్నది. గీ చదువు నీకేమిచ్చిందో నాకు కనిపిస్తలేదు. ఏం తీసుకపోయిందో కనిపిస్తాంది.”

ఆమెకూ అట్లాగే అనిపిస్తోంది. పలకను మూట అడుగున వేసింది. దాచిన కాగితాలన్నీ పొయ్యిలో పెట్టింది. ఇక వద్దు, ఈ యావ వదిలెయ్యాలి అని గట్టిగా అనుకుంది. నాలుగు రోజులు బాగానే ఉంది. సోమశిల దగ్గర మందను నీళ్లకు దింపినప్పుడు, తడి ఇసుకలో తన వేలు దానంతట అదే ఏదో రాస్తోందని చూసుకుని ఏడ్చింది.

మృగశిర వానలకు తిరిగి ఇల్లు చేరారు. కూతురిని ఎత్తుకుని, ఆ చంకలో పిల్లతోనే చావడికి పోయింది. తాళం ఉంది. బడి ఎత్తేశారు. ఊరిలో అనుకున్నంతమందికి చదువొచ్చిందని లెక్క తేలిందట. యాదలక్ష్మిని వాళ్ల ఊరు భువనగిరికే బదిలీ చేశారట. గుర్వమ్మ వాడలోని ఆడవాళ్లను ఒక్కొక్కరినే అడిగింది, మీకు ఒత్తులు చెప్పిందా అని. చెప్పింది, కానీ మర్చిపోయామన్నారు. అక్షరాలు కూడా మర్చిపోయామని నవ్వారు. వాళ్లు మునుపటిలాగే ఉన్నారు. అదే అరుగు, అదే కదురు, అవే ముచ్చట్లు. వాళ్లను చూస్తే గుర్వమ్మకు అసూయ కలిగింది. అదే చాప మీద కూర్చుని అవే అక్షరాలు విన్నాం కదా, వీళ్లకు పట్టనిది నాకే ఎందుకు పట్టింది అని.

ఆ వానాకాలమంతా ఆమె ఇంట్లో నిలవలేదు. రొట్టెలు మాడేవి. వడికే పోగు తెగేది. ఎవరింట్లో ఏ కాగితముందో వాకబు చేసేది. కాలుగాలిన పిల్లిలాగా తిరుగుతున్నావని గోపమ్మ తిట్టేది. ఆఖరికి ఏదో సోకిందని భయపడి ఎల్లస్వామి అనే మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయి జబ్బకు తాయెత్తు కట్టించింది. గుర్వమ్మ ఆ తాయెత్తును తిప్పి తిప్పి చూసి, దీని లోపల ఏమన్నా రాసి ఉంటుందా అని అడిగింది. గోపమ్మ నెత్తి కొట్టుకుంది.

దీపావళి పోయాక ఉన్ని కత్తిరించి అమ్మారు. ఆ సాయంత్రం ఐలేశం దొడ్డికి కంప అడ్డం పెడుతూ, వాడలోని హనుమమ్మ ముచ్చట తీశాడు. మోకాళ్ల నొప్పులు పోవాలని ఆ ముసలమ్మ యాదగిరిగుట్ట మీద, గుడి దగ్గర పది పదకొండు రాత్రులు నిద్రలు చేయడానికి పోతోంది. తోడు ఎవరూ లేరు.

“నువ్వు పో,” అన్నాడు. “గుట్టకు భువనగిరి దగ్గర్నే అంటరు.”

ఆమె నమ్మలేక చూసింది.

“నువ్వు గిట్ల తిరుగుతుంటే నాకు మంద మీద మనసు నిలుస్తలేదు. పోయి గా మిగిలింది ఏందో తెచ్చుకో. ఎవరన్న అడిగితే గుట్టకు పోయిందంట. అబద్ధం గూడ కాదు.”

బస్సు ఎక్కి, హైదరాబాదులో దిగి, రైలెక్కి ఇద్దరూ గుట్టకు చేరారు. హనుమమ్మకు కొండమీద సత్రంలో ఒక మూల జాగా చూసి, దర్శనం చేసుకుని, మరుసటి పొద్దున గుర్వమ్మ ఒక్కతే భువనగిరికి వచ్చింది. ఆ ఊర్లో దోవ తప్పే భయం లేదు. ఎటు తిరిగినా నెత్తిమీద ఆ పెద్ద బండ, దాని మీద కోట కనపడుతూనే ఉంటాయి. ముందు బ్లాకు ఆఫీసు, అక్కడ ఇల్లు అడిగి తెలుసుకుని, బండ కింది గల్లీలో యాదలక్ష్మి కిరాయికున్న గది ముందుకు చేరింది. యాదలక్ష్మి గిన్నెలు తోముతోంది. ఎవరో పోల్చుకోలేదు. తుమ్మలకుంట పేరు చెప్పాక లేచి నిలబడింది. ఒంట్లో బాగాలేదా, దవాఖానకు వచ్చినవా అని ఆత్రంగా అడిగింది.

“ఒత్తులు నేర్చుకుందామని వచ్చిన, పంతులమ్మా.”

యాదలక్ష్మి చేతిలోని గిన్నె కింద పెట్టింది. “నీకు చదువొచ్చిందని నేనెప్పుడో రాసిచ్చిన గద.”

“రాసిచ్చినవు. రాలే.”

యాదలక్ష్మికి మొదట నవ్వొచ్చింది, తర్వాత మొహం ముడుచుకుపోయింది. లోపలికి పిలిచి రొట్టె పెట్టింది.

గుర్వమ్మ అక్కడ పది దినాల దాకా ఉంది. యాదలక్ష్మి ఆఫీసుకు పోయేముందు కొంతసేపు, వచ్చాక కొంతసేపు చెప్పేది. పగలంతా గుర్వమ్మ ఒక్కతే గడప మీద కూర్చుని దిద్దుకునేది. ర కింద పడితే ఎట్లా వంగుతుందో, య ఎట్లా తోక చాపుతుందో, ఒక్కొక్కటే లొంగింది. మూడోరోజు తన పేరు రాసుకుని, దాన్ని మొదటిసారి గీత గీత విడదీసి చదివింది. గు, ర్వ, మ్మ. అంతసేపు చూసిందట, పొయ్యి మీది పప్పు అడుగంటింది.

ఆదివారం ఇద్దరూ బండ ఎక్కారు. ఆ ఊర్లోనే పుట్టి పెరిగిన యాదలక్ష్మి అంతవరకు పైకి ఎక్కలేదు. గుర్వమ్మ గుట్టలు తిరిగిన మనిషి. చెప్పులు చేతబట్టుకుని ముందు నడుస్తూ, మధ్యమధ్య వెనక్కి తిరిగి చేయి అందించింది. పైన గాలికి కొంగులు నిలవడం లేదు. కింద ఊరు, చెరువు, రైలు పట్టాలు. యాదలక్ష్మి ఆయాసం తీర్చుకున్నాక తన సంగతి చెప్పింది. పదమూడేళ్లకే భర్త పోయాడు. అన్నకు భారం కాకూడదని హైదరాబాదుకు పంపి చదివించారు.

“నాకు చదువంటే బువ్వ,” అన్నది. “గా బువ్వనే తింటున్న. ఇష్టమా అని ఎవరు అడగలే, నన్ను నేను గూడ అడుగుకోలే. పరీక్షలయినంక ఒక్క పుస్తకం తెరవలే. నువ్వేమో ఇంత దూరం వచ్చినవు. నీకు నౌకరీ రాదు, జీతం రాదు. నిజం చెప్పు గుర్వమ్మా, నీకెందుకిది?”

కొల్లాపూర్ బడి మెట్ల దగ్గర ఇదే మాటకు జవాబు రాక నిలబడిపోయిన మనిషి, ఈసారి కొంచెం ఆలోచించి చెప్పింది.

“మందల ఒక గొర్రె తప్పిపోయిందనుకో. గది దొరికేదాక కాలు నిలువది. బువ్వ సయించది. ఎందుకు దేవులాడుతున్నవంటే ఏం చెప్తం? తప్పిపోయింది గనుక.”

“దొరికినంక సంతోషమేనా?”

“జర సేపు. తెల్లారి ఇంకోటి తప్పిపోతది.”

యాదలక్ష్మి కొంగు నడుముకు దోపుకుని లేచింది. దిగేటప్పుడు మాత్రం ఆమే ముందు దిగింది.

వచ్చేటప్పుడు అట్ట చిరిగిన ఒక కథల పుస్తకం ఇచ్చింది. గుర్వమ్మ గుట్టకు పోయి హనుమమ్మను వెంటబెట్టుకుని ఊరు చేరింది. మోకాళ్ల నొప్పులు తగ్గాయని హనుమమ్మ వాడంతా చెప్పుకుంది. గుర్వమ్మ కూడా ఏదో తెచ్చుకుందని ఆమె మొహం చూసి అందరికీ తెలిసింది.

అరుగు మీద ఆడవాళ్లు వడుకుతుంటే ఆమె పుస్తకం విప్పింది. మొదటి కథ చదవడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. మాట మాటకూ ఆగేది. వినేవాళ్లు ఆవలించారు. మూడో కథకు గొంతు సాఫుగా నడిచింది. అందరికంటే ఎక్కువగా ఆ చదువుకు అలవాటుపడింది గోపమ్మ. కోడలు ఊపిరి తీసుకోవడానికి ఆగినా, ఆగినవేంది, తర్వాత ఏమైందో చెప్పు అని మోకాలితో పొడిచేది. తాయెత్తు కట్టించిన సంగతి ఎవరైనా గుర్తుచేస్తే వినపడనట్టు ఉండేది.

ఆ నెలా రెండు నెలలు గుర్వమ్మ మళ్లీ మునుపటిలాగా నవ్వింది. ఐలేశం ఊపిరి పీల్చుకున్నాడు. పుస్తకం అయిపోయింది. మళ్లీ చదివింది. మూడోసారి చదివేటప్పటికి ఆడవాళ్లే ముందు ముందు చెప్పేస్తున్నారు. ఆమె కాళ్లు మళ్లీ నిలవలేదు. ఇటువైపు వచ్చే మనుషులు దొరికినప్పుడు యాదలక్ష్మి ఒకటీ అరా పుస్తకం పంపేది. తాను చదివినవే పంపుతున్నానని కబురు చేసేది. అవి చాలేవి కావు. పంచాయతీ ఆఫీసుకు పత్రిక వస్తుందని తెలిసి, లోపల మగవాళ్లుంటే బయట మెట్టు మీద కూర్చుని, వాళ్లు చదివి పడేసేదాకా కాచుకునేది. కురుమోళ్ల గుర్వమ్మకు కలెక్టరుగిరీ వస్తుందని వాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆమె తల వంచుకుని పత్రిక తీసుకుని వచ్చేసేది. చదివాక, దానిలో ఉన్న ఊర్లు ఎక్కడివో, యుద్ధమంటే ఎవరితోనో, ఉపగ్రహమంటే ఏమిటో తెలియక ఇంకా కుదురు తప్పేది.

ఈలోగా సైదమ్మకు బడి ఈడు వచ్చింది. తుమ్మలకుంటలో ఏకోపాధ్యాయ బడి పెట్టారు. తాను నడిచిన దూరమంతా తలుచుకుని, బిడ్డకు ఇంటిముందే దొరికిందని గుర్వమ్మ పొంగిపోయింది. కానీ సైదమ్మ వేరే మట్టితో పుట్టిన పిల్ల. బడిలో కూర్చోబెడితే కిటికీలోంచి గొర్రెల మెడల గంటలు వినేది. ఏ గంట ఏ గొర్రెదో ఆమెకు తెలుసు, పలకమీది అక్షరం మాత్రం ఇవాళ చెప్తే రేపటికి ఉండేది కాదు. పంతులు కట్టె పుచ్చుకునేవాడు. పిల్ల గోడ దూకి తండ్రి వెంట పోయేది. గుర్వమ్మ వెతికి, జుట్టు పట్టుకుని తెచ్చి మళ్లీ బడిలో పడేసేది. ఇట్లా రెండేళ్లు నడిచింది. ఐలేశం మధ్యలోకి రాలేదు. ఒక్కసారి మాత్రం, దాని మనసు గిటు లేదు, నీ మనసు గటు లేదు, నడుమ నేనేం జేయాలె అన్నాడు.

తొమ్మిదో ఏట, ఒకరోజు సైదమ్మ పొద్దుగుంకినా ఇంటికి రాలేదు. ఆ రోజు మంద వెంట కూడా పోలేదు. తల్లికి ప్రాణం పోయినట్టయింది. వెతికితే, గుట్ట వెనక నీటిగుంట దగ్గర, కాలు విరిగి నడవలేని మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. దాని కాలికి పుల్లలు పెట్టి తన లంగా అంచు చించి కట్టింది. చక్కగా కట్టింది. తల్లిని చూసి నవ్వింది కూడా. ఆ నవ్వు చూస్తే గుర్వమ్మకు భయం పోయి కోపం వచ్చింది. పంతులు నీ పేరు కొట్టేస్తానన్నాడు తెలుసా అంటూ చేయెత్తింది.

పిల్ల తల తిప్పుకోలేదు. “నీకు అక్షరాలు ఎవరు కొట్టి చెప్పిండ్రే, అమ్మా?” అని అడిగింది.

ఎదురు తిరిగి అడిగింది కాదు. తెలుసుకోవాలనే అడిగింది. గుర్వమ్మ చేయి గాలిలోనే ఉండిపోయింది. తనను ఎవరూ కొట్టలేదు. అందరూ వద్దన్నారు, నవ్వారు, అయినా పోయింది. మేకపిల్లను తాను ఎత్తుకుని, కూతురిని ముందు నడిపించి ఇంటికి వచ్చింది.

మరుసటి రోజు నుంచి బడికి పొమ్మనలేదు. అది సులభంగా జరిగిందనుకోవద్దు. పొద్దున బడి గంట వినపడినప్పుడల్లా ఆమె చేతిలో పని ఆగిపోయేది. మంద వెంట ఎగురుకుంటూ పోయే కూతురిని చూసి గర్వమూ కలిగేది, బడి వైపు కన్నూ పోయేది. తానే మెల్లగా చెబుదామని కొన్నాళ్లు చూసింది. సైదమ్మ తల్లిని బాధపెట్టడం ఇష్టం లేక కూర్చునేది, కానీ కళ్లు దొడ్డి వైపే ఉండేవి. అమ్మ కథ చదివితే మాత్రం ఎంతసేపైనా వినేది. నువ్వు చదువుతున్నవు గద, ఇద్దరమెందుకు అనేది. గుర్వమ్మకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఒకసారి మా అమ్మతో అన్నదట, “అది సంతోషంగనే ఉన్నదే. అందుకే నాకు సమజ్ అయితలేదు. ఏడిస్తే బడికి పంపేదాన్ని.”

తప్పు చేశానా, మంచి చేశానా అని ఆమె చివరిదాకా తేల్చుకోలేదు. ఒకరోజు ఒకటనుకునేది, మరుసటి రోజు ఇంకొకటి.

సైదమ్మకు అరవై ఎనిమిదిలో పెళ్లయింది. ఆలంపూర్ దగ్గరి ఊరు, మందలున్న ఇల్లే. అల్లుడు గాలయ్య నెమ్మదైనవాడు. మరుసటి ఏడు గుర్వమ్మ బిడ్డను చూడడానికి పోయింది. సైదమ్మ ఒళ్లు చేసింది. అత్తగారింట్లో మందంతా ఆమె మాట మీదనే నడుస్తోంది. రోగమొచ్చిన గొర్రెలను చుట్టుపక్కల ఊర్లవాళ్లు ఆమె దగ్గరికి తోలుకొస్తున్నారు. అల్లుడి చిన్న చెల్లెలు పుస్తకం తెచ్చి గుర్వమ్మ ముందు కూర్చుంటే, మా అమ్మను అడుగు, అన్నీ తెలుసు అని సైదమ్మ గొప్పగా చెప్పింది.

తిరిగి వచ్చే రోజు తల్లీబిడ్డా జోగులాంబ దర్శనానికి పోయారు. దర్శనమయ్యాక పాత గుళ్ల నడుమ తిరుగుతుంటే ఒక గోడ దగ్గర గుర్వమ్మ ఆగిపోయింది. రాతి మీద వరసలు వరసలుగా చెక్కిన అక్షరాలు. తెలుగులాగానే ఉన్నాయి, తెలుగు కావు. ఒకచోట గ లాంటిది, ఒకచోట న లాంటిది పోల్చుకుంది. దాని పక్కనే ఉన్నది ఏమిటో అంతుపట్టలేదు. వేలు పెట్టి తడుముతూ వంగింది, మోకాళ్ల మీద కూర్చుంది. అటు పోతున్న పూజారిని ఆపి, ఇదేం రాత అని అడిగింది. పాత తెలుగేనని, ఎప్పుడో రాజుల నాటిదని ఆయన చెప్పాడు. ఎవరికి చదవొస్తుంది, ఎక్కడ నేర్పుతారు అని అడిగింది. హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి రాసుకుని పోతుంటారని, తనకు తెలియదని ఆయన వెళ్లిపోయాడు. ఆమె ఆయన పోయిన దిక్కు చూసి, మళ్లీ రాయి వైపు తిరిగింది.

బస్సు వేళవుతోందని సైదమ్మ రెండుసార్లు పిలిచింది. పలకలేదు. మూడోసారి పిలవకుండా, ఆమె గుడి మెట్టు మీద నీడ చూసుకుని కూర్చుంది. కొంగులోంచి పల్లికాయలు తీసి ఒలుచుకు తినడం మొదలుపెట్టింది. ఆమెకేమీ తొందర లేదు.